నిమ్మకాయంత మట్టి

నా మాటల్లో సగానికి పైగా కోతలేనని మా ఊళ్లో పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు. మా తాత ఒక్క సమ్మెట దెబ్బకు గుట్టను రెండు చేస్తే నడుమ నుంచి వాగు పుట్టిందని చెప్పింది నేనే. వాగు ఇప్పటికీ ఉంది, తాత లేడు, కాబట్టి కాదనడానికి సాక్షి లేడు. అయితే ఈ ఒక్క కథ నిజం. నమ్మకపోతే హైదరాబాదు పోయి యూనివర్సిటీలో చూడండి. చెట్లకు ఇవతల, గడ్డిలో, ఏడడుగుల బూడిదరంగు రాయి ఒకటి నిలబడి ఉంటుంది. దేవుడు కాదు, మనిషి కాదు, జంతువు కాదు. దాని వీపున ఒక గుంట. ఆ గుంట ఎందుకుందో చదువుకున్నవాళ్లు చాలా చెబుతారట. నేను నాలుగో జమాత్ దాకా చదివినవాణ్ని, నాకు తెలిసింది నేను చెబుతాను.

అరవై మూడో సంవత్సరం, ఉగాది పోయిన వారం. కరీంనగర్ నుంచి కొండగట్టు పోయే తొవ్వలో, సడకు పక్కన మా గుట్ట. గుట్ట కింద మా ఇల్లు. ఇంటి ముందర అమ్ముడుపోని ఇసుర్రాళ్లు. అంతకు ముందు ఏడే ఊళ్లోకి పిండి గిర్ని వచ్చింది. అది టకటకమని కొట్టుకోవడం మొదలుపెట్టిన నాటి నుంచి ఆడవాళ్లంతా జొన్నల గంపలెత్తుకొని అటే నడిచారు. మేం కొట్టిన ఇసుర్రాళ్ల మీద కోళ్లు పడుకునేవి. ఆ ఎండకు కాలిన రాతి మీద ఒక కోడి గుడ్డు పెడితే అది ఉడికే బయటికి వచ్చిందని నేనంటాను. మా ఇంటామె సరోజన, "కొయ్, కొయ్, ఇంకో రెండు కొయ్," అంటుంది.

ఆ రోజు మందమర్రి నుంచి నా బామ్మర్ది పోశం వచ్చాడు. బొగ్గు బాయిలో పని. వచ్చినవాడు మంచం మీద కూర్చోకుండా ఒక ఇసుర్రాయి మీది కోడిని అదిలించి దాని మీద కూర్చున్నాడు.

"బావా, మా బాయి సర్దారుతోని మాట్లాడిన. మిర్గం కార్తె నాటికి ఒక మనిషి గావాలన్నడు. నువ్వు ఊ అంటే నీ పేరు రాపిస్త. క్వార్టర్ దొరుకుతది, నల్లా నీళ్లు దొరుకుతయి. గీ రాళ్లు గొట్టుకుంట ఎన్నేండ్లుంటవు? ఇవి కోళ్లు పండేటందుకే అక్కెరకొస్తున్నయి."

"కోళ్లు గూడ పెద్దగ ఇష్టపడుతలేవు బామ్మర్దీ. మొన్న ఒకటి పక్కింటికి పోయింది," అన్నాను.

సరోజన లోపలి నుంచి వచ్చి గడప మీద నిలబడింది. అప్పుడు ఆమెకు మూడో నెల. పుట్టింది, పెరిగింది మందమర్రి కాలనీలోనే.

"మీ బావను తోలుకపోతే తోలుకపో తమ్మీ. నేనైతే రాను."

"ఏమైతదే అక్కా ఆడ? మనం పెరగలేదా?"

"పెరిగినం. అవ్వ నీకు యాదికి లేదా? బాయి సైరన్ కూసినప్పుడల్లా చేతిల ముద్ద చేతిలనే వట్టుకొని వాకిట్ల నిలవడేది. బాపు మొఖం కనవడ్డంకనే ముద్ద నోట్లెకు. ఏనాడన్న వేడి బువ్వ తిన్నదారా ఆమె? నాతోని గాదు."

పోశం తల వంచుకున్నాడు. నిజానికి వాళ్ల బాపుకు బాయిలో ఏనాడూ ఏమీ కాలేదు. పని దిగిపోయాక కూడా చాలా ఏండ్లు బతికి, మంచంలో, నిద్రలో పోయాడు. అయినా మా అత్త సమ్మవ్వ బతికినన్నాళ్లు చల్లబడ్డ బువ్వే తిన్నది.

"మిర్గం దాకా ఆగు," అన్నాను. "అప్పటిదాకా రాయి తిండి వెడితే ఈడనే ఉంట. పెట్టకుంటే నీ వెంట వస్త. మీ అక్కను నెత్తిన వెట్టుకొనన్న వస్త."

సరోజన నవ్వలేదు. నేను చెప్పిన వాటిలో ఆమె నవ్వనివి చాలా తక్కువ.

నాలుగు రోజులకు బాబు మియా లారీ వచ్చి మా ఇంటి ముందర ఆగింది. బాబు మియాది కరీంనగర్‌లో కట్టెల అడితి. ఆ లారీకి బ్రేకులు లేవని, ఆగాల్సిన చోటు రాగానే బాబు మియా దాన్ని బతిమాలుకుంటాడని నేను ఊరంతా చెప్పి ఉన్నాను. లారీలోంచి ఒక స్త్రీ దిగింది. ముప్పై అయిదేండ్లు ఉంటాయి. నూలు చీర, కళ్లద్దాలు, పట్నపు నడక. చేతులు మాత్రం మా చేతుల్లాగే పగిలి, గోళ్లు అరిగిపోయి ఉన్నాయి. మా అవ్వ బుచ్చవ్వ ఆ చేతులే చూసింది.

"కొడుకా, గీమె గూడ మనోళ్లేనారా?" అని నా చెవిలో అడిగింది.

"మా చెల్లె బిడ్డ, షహర్ బానో," అన్నాడు బాబు మియా. "హైదరాబాద్‌ల బొమ్మలు చేసుడు నేర్పుతది. యూనివర్సిటోళ్లు ఒక పెద్ద బొమ్మ జెయ్యమన్నరట. దేశంల ఇన్ని రాళ్లుండంగ మీ గుట్ట రాయే గావాలంటది. చిన్నప్పుడు నా లారీల కొండగట్టు దిక్కు పోయినప్పుడు సూసిందట. నేను తొవ్వ సూసుకుంట నడిపిన, ఈమె రాళ్లు సూసుకుంట కూసున్నది."

షహర్ బానో ఒక రేకు డబ్బా తెరిచి, తడి గుడ్డలో చుట్టినదాన్ని బయటికి తీసింది. మట్టితో చేసిన నమూనా. ఏడంగుళాల ఎత్తు. కింద లావు, పైన సన్నం, నడుమ ఒక పక్కకు ఒరిగి, ఎవరో పిలిస్తే వెనక్కు తిరగబోయినట్టు ఉంది. తల లేదు, చెయ్యి లేదు.

అవ్వ ముందుకు వంగి చూసింది. "ఏ దేవుడు బిడ్డా గిది?"

"దేవుడు కాదవ్వా."

"మరి మనిషా?"

"కాదు."

"గొడ్డు లెక్క గూడ లేదు. మరేంది?"

"రాయి," అన్నది షహర్ బానో.

"రాయిని రాయి జేసుడేంది బిడ్డా? అది ముందుగాలనే రాయి గదా?"

"అదే కష్టమవ్వా," అని ఆమె నవ్వింది. అవ్వకు ఆ జవాబు నచ్చింది. లోపలికి పోయి ఆమెకు మజ్జిగ తెచ్చింది.

ఆ మధ్యాహ్నమంతా గుట్ట మీద రాళ్లు వెతికాం. నేను సుత్తెతో తట్టడం, ఆమె చెవి ఆనించి వినడం. లోపల పగులున్న రాయి పగిలిన కుండలా బొంగురుగా మోగుతుంది. మంచి రాయి గంటలా మోగి, కాసేపు ఆ మోతను వదలదు. పదకొండో గుండు దగ్గర ఇద్దరం ఒకేసారి తలెత్తాం. "గిదే," అన్నది.

"అంగుళానికి అడుగు లెక్క," అన్నది తరువాత. "నమూనాల ఎట్లున్నదో గట్లనే గావాలె మొండయ్యా. నీకు తోచింది కొట్టొద్దు."

"మా బాపు మాట గూడ అదే బీబమ్మా. చూసింది కొట్టు, అనుకున్నది కొట్టకు. ఈ చేతులకు అనుకునుడు రాదు."

"మంచిది. ఇది మంచిగైతే ఇంకో మూడు రాళ్లున్నయి. మూడు నాలుగేండ్ల పని."

మూడు నాలుగేండ్లు! నేను సరోజన వైపు చూడకుండానే ఆమె నా వైపు చూస్తున్నదని తెలిసింది.

పోతూ పోతూ షహర్ బానో నమూనాను సరోజన చేతుల్లో పెట్టింది. "గుడ్డ ఆరనియ్యకు చెల్లె. పొద్దున, మాపున నీళ్లు చల్లాలె. ఎండితే పగుల్తది. మా కాలేజీల పరీక్షలైనంక వస్త, మిర్గానికి."

ఆ ఎండాకాలం ఎట్లాంటిదంటే, నీడ కూడా పోయి చెట్టు కింద కూర్చునేది. మేం నలుగురం, నేనూ మా పనివాళ్లు ముగ్గురూ, గుట్ట మీద పనిచేశాం. వరుసగా చిన్న గుంతలు కొట్టి, వాటిలో ఇనుప చీలలు దించి, ఒకదాని తరువాత ఒకటి దెబ్బ వేస్తూ పోతే పన్నెండో రోజు గుండు 'టప్'మని విడిపోయింది. ఆ చప్పుడుకు అంత దూరాన ఇచ్చోడ సంతలో ఎద్దులు బెదిరాయంటాను. సరే, మా ఊరి ఎద్దులనుకోండి. ఒక ఎద్దు అయితే నిజంగా బెదిరింది.

నమూనాను ఇంట్లో గోడ గూట్లో పెట్టాం, ముందు భాగం మా వైపు, వీపు గోడ వైపు. పొద్దున్నే నేను దారంతో, అంగుళాల గీతలున్న పుల్లతో కొలత తీసుకొని పైకి పోయేవాణ్ని. రాయి వెల్లకిలా పడి ఉంది కాబట్టి ముందు భాగమే మొదట కొట్టాలి. అది అయ్యాక గడ్డపారలు వేసి బోర్లా తిప్పితే గానీ వీపు పని మొదలుకాదు. అందుకే నెలన్నర దాకా నమూనా వీపుతో నాకు పనే పడలేదు.

సరోజన పొద్దుమాపు గుడ్డ తడిపేది. నీళ్లు పడగానే ఆ మట్టి నుంచి వాసన లేచి ఇల్లంతా నిండేది. బయట నిప్పులు కురుస్తుంటే ఇంట్లో మాత్రం తొలకరి. ఆమె చెంబు పక్కన పెట్టి ఆ గూటి దగ్గరే కాసేపు నిలబడేది. నేను చూసి, రాయి బాగా రావాలని మొక్కుకుంటున్నదేమో అనుకున్నాను. మొగవాడి తెలివి అంతే, తనకు అనుకూలమైనదే అనుకుంటుంది.

ఒకరోజు బువ్వ తింటుంటే అవ్వ అన్నది, "ఇంట్ల ఎలుకలు వడ్డయిరా. పొయ్యి ఎనుక గోడ గీరి పెడుతున్నయి."

"ఎలుకలు మట్టేం జేసుకుంటయే అవ్వా?"

"ఏమో. కడుపుతోని ఉన్న ఎలుకలేమో," అని అవ్వ కోడలి వైపు చూసింది. సరోజనకు పొలమారింది. నేను ఆమె నెత్తి మీద తట్టి, "ఎవరో తలుసుకుంటుండ్రు," అన్నాను. చెప్పాను కదా మొగవాడి తెలివి గురించి.

వైశాఖం చివర రాయిని తిప్పాం. ఊళ్లోంచి ఇంకో పదిమంది వచ్చారు. బోర్లా పడిన రాతి ముందర నీళ్లు చల్లి దండం పెట్టుకొని, నేను ఇంటికి వచ్చి గూట్లోంచి నమూనా తీశాను. గుడ్డ విప్పి వీపు తిప్పాను.

నడుము కింద ఒక గుంట ఉంది. నిమ్మకాయ సరిగ్గా పట్టేంత. అంచులు మెత్తగా, నునుపుగా, ఎంతో శ్రద్ధగా చేసినట్టున్నాయి. ఆ రోజు డబ్బాలోంచి తీసినప్పుడు నేను చూశానా దీన్ని? ఎంత గుర్తు చేసుకున్నా ఆ తిరగబోయే నడుమే కళ్లముందు కనపడింది గానీ గుంట కనపడలేదు.

"అవ్వా, గిది ముందుగాల ఉండెనా?"

"నాకేం ఎరుక కొడుకా. నాకది మొత్తమే అర్థం గాలే. గుంట ఉన్నా అంతే, లేకున్నా అంతే."

"సరోజనా, నువ్వు రోజు తడుపుతవు గదా. ఉండెనా?"

సరోజన పొయ్యిలో కట్టె ఎగదోస్తున్నది. వెనక్కు తిరగలేదు. "ఉన్నది గావచ్చు," అన్నది.

హైదరాబాదుకు ఉత్తరం రాద్దామా అనుకున్నాను. కానీ 'అమ్మా, మీ బొమ్మకు గుంట ఉండెనా లేదా' అని రాస్తే ఆమె ఏమనుకుంటుంది? అంగుళానికి అడుగు లెక్కన కొట్టమని ఇస్తే, వీడు బొమ్మను సరిగ్గా చూడనే లేదనుకుంటుంది. పేరున్న పనివాణ్ని కాబట్టి ఆ ఉత్తరం రాయలేదు. పేరు లేనివాడైతే రాసేవాడు, ఈ కథా ఉండేది కాదు. బాపు మాట గుర్తొచ్చింది. చూసింది కొట్టు, అనుకున్నది కొట్టకు. చూస్తున్నది గుంట. ఉలి తీసుకున్నాను.

నిమ్మకాయంతది అడుగున్నర గుంట అయింది. ఎనిమిది రోజులు పట్టింది. మిగతా రాయంతా నలుగురం కొట్టాం గానీ, ఆ గుంటకు ఎవరి చెయ్యీ తగలనివ్వలేదు. నా బతుకులో అంతకంటే మంచి పని ఇప్పటికీ చేయలేదు. లోపల అరచెయ్యి పెట్టి జారిస్తే ఎక్కడా ఆగేది కాదు.

మిర్గం వచ్చింది. మిర్గం రోజు చేపలు తినాలి కదా, పోశం దారానికి గుచ్చిన చేపలతో పొద్దున్నే దిగాడు.

"ఏమాయె బావా? సర్దారు ఎదురుచూస్తుండు."

"నేను గూడ ఎదురుచూస్తున్న," అన్నాను.

సరోజన వాకిట్లో కూర్చొని, ఒక పాత ఇసుర్రాయి మీద బూడిదతో చేపలు రుద్దుతున్నది. ఆమె అప్పటికే నా బట్టలు రెండు జతలు ఉతికి మూట కట్టి దండెం మీద వేసింది. ఎందుకే అని నేనడగలేదు. ఆకాశం మూసుకొని ఉంది, వాన మాత్రం లేదు. అంతలో లారీ హారన్.

రాయిని అప్పటికి గుట్ట మీంచి దొర్లుడు కట్టెల మీద కిందికి దించి, ఇంటి ముందర నిలబెట్టాం. షహర్ బానో చెప్పులు విడిచి, ఒక చెయ్యి రాతికి ఆనించి, దాని చుట్టూ మెల్లగా నడిచింది. ముందు భాగం దగ్గర ఆగింది. ఒరిగిన నడుమును తట్టింది. "మామూ, సూస్తున్నవా?" అన్నది. బాబు మియా ఏం చూడాలో తెలియక రాయినీ నన్నూ మార్చి మార్చి చూశాడు.

ఆమె వెనక్కు వచ్చింది. చెయ్యి రాతి మీద జారుతూ జారుతూ గుంటలో పడింది. ఆగిపోయింది.

"గిదేంది మొండయ్యా?"

"గుంట, బీబమ్మా."

"గుంటని నాక్కూడ తెలుస్తున్నది. ఎవరు కొట్టమన్నరు?"

"నమూనా."

లోపలికి పోయి నమూనా తెచ్చి ఇచ్చాను. భయం వేయలేదని చెబుతాను, అది కూడా కోతే. ఆమె గుడ్డ విప్పి, వీపు తిప్పి, ఆ చిన్న గుంటలో తన బొటనవేలు పెట్టి చూసింది. తీసి మళ్లీ పెట్టింది.

"ఇది నా వేలు గాదు," అన్నది.

బాబు మియా వంగి గుంట అంచును తట్టి చూశాడు. "పరేషాన్ గాకు బేటీ. మొండయ్యా, దీనికి ఏమన్న అతుకు గితుకు…"

"రాతికి అతుకుండదు మియా. కొట్టింది కొట్టిందే."

పోశం నా పక్కకు వచ్చి, చాలా మెల్లగా, "బావా, మూట తియ్యాల్నా?" అన్నాడు. ఎగతాళికి అనలేదు. అందుకే ఎక్కువ నొచ్చింది.

అప్పుడు సరోజన లేచింది. చేతుల నిండా బూడిద, చేప పొలుసులు. అట్లాగే వచ్చి షహర్ బానో ముందర నిలబడింది.

"ఆయన తప్పేం లేదు బీబమ్మా. నేను తిన్న."

"ఏం తిన్నవు?"

"మట్టి. తడిపినప్పుడల్లా వాసనొచ్చేది. మనసు ఆగలే. గోరంత, గోరంత అనుకుంట తిన్న. ఎనుక దిక్కైతే ఎవలకు కనవడదనుకున్న. తిన్నకాడల్లా తడి వేలుతోని సాపు జేసిన."

అవ్వ నెత్తి కొట్టుకున్నది. "ఓసి నీ పాడుగాను! పొయ్యి ఎనుక గోడ సాలదాయెనే నీకు? కడుపుల పురుగులు వడుతయే!"

ఎనిమిది రోజులు, ఊపిరి బిగబట్టి, దారం పెట్టి కొలిచి కొలిచి, నేను కొట్టింది నా పెండ్లాం ఆకలిని.

షహర్ బానో సరోజన కడుపు వైపు చూసింది. ముఖం చూసింది. కోపగించుకుంటుందనుకున్నాను. కళ్లద్దాలు తీసి చీర కొంగుతో తుడుచుకొని మళ్లీ పెట్టుకొని అడిగింది.

"రుచెట్లుండె?"

సరోజన ముందు తనను ఆట పట్టిస్తున్నదేమో అని చూసింది. కాదని తెలిశాక, నిజంగానే ఆలోచించి చెప్పింది. "మంచిగుండె బీబమ్మా. తొలి వాన వడ్డ చెలక లెక్క. జర ఇసుక తగిలింది."

"ఇసుక నేనే కలిపిన. పగలకుంట ఉండాలని," అన్నది షహర్ బానో, కూరలో ఉప్పు ఎక్కువైనందుకు సంజాయిషీ చెప్పుకున్నట్టు.

ఆమె మళ్లీ రాతి వెనక్కు పోయింది. ఈసారి రెండు చేతులూ గుంటలో పెట్టింది. తరువాత చీర సర్దుకొని, అందులో కూర్చుంది. వీపు రాతికి ఆనించి, కాళ్లు ముందుకు చాపి, మబ్బుల వైపు చూస్తూ కాసేపు అట్లాగే ఉంది. చేపల మీద ఈగలు ముసిరాయి. ఎవరూ తోలలేదు.

"మొండయ్యా," అని పిలిచింది కూర్చున్న చోటి నుంచే.

"బీబమ్మా."

"కింది అంచు జర గరుకున్నది. నునుపు చెయ్యి. పిల్లలు కూసుంటరు."

అంతే. లేచి, చీర దులుపుకొని, "మామూ, లారీ ఎనుకకు వెట్టు," అన్నది.

లారీ వెనక చక్రాలు దిగడానికి నేలలో గొయ్యి తవ్వితే, లారీ పలక నేలకు సమానంగా వస్తుంది. అప్పుడు రాయిని ఎత్తే పని ఉండదు, దొర్లించే పనే. గొయ్యి తవ్వడానికి మేం ముందురోజే గీత గీసి పెట్టుకున్నాం, ఆశ అట్లాంటిది. నేను అంచు రుద్దుతుంటే, నా చేతిలో ఉండాల్సిన గడ్డపార కనపడలేదు. చూస్తే పోశం దగ్గర ఉంది. అంగీ విప్పి మూట పక్కన వేసి, గొయ్యిలో దిగి తవ్వుతున్నాడు.

"బామ్మర్దీ, సర్దారుకు నా పేరు చెప్తివి గదరా?"

"మొండయ్య అనే చెప్పిన. మందమర్రిల మొండయ్యలకు కరువా? ఇంకొకన్ని నిలవెడ్త. నువ్వు జర పక్కకు జరుగు బావా. గీ చేతులతోని బొగ్గేం కొడుతువు నువ్వు!"

రాయి ఎక్కేసరికి పొద్దు వాలింది. లారీ గొయ్యిలోంచి బయటికి వచ్చేటప్పుడు ఊరంతా తోసింది. ఇరవై మంది తోశారని ఊరు లెక్క, రెండు వందలమందని నా లెక్క. అది సడకు ఎక్కిన తరువాత, అప్పుడు పడింది వాన.

ఆ సాయంత్రం చేపల పులుసు. సరోజన అందరికీ పెట్టి తనూ కూర్చుంది. కంచంలోంచి పొగ లేస్తుంటే, ఊదుకోకుండా, ఎవరి కోసమూ చూడకుండా, ముద్ద నోట్లో పెట్టుకుంది. నాలుక కాలింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. పోశం నవ్వి, "సల్లారనియ్యరాదే అక్కా," అన్నాడు. ఆమె తల అడ్డంగా ఊపి ఇంకో ముద్ద తిన్నది. వాన చప్పుడులో ఇంకెవరి మాటా వినపడలేదు. ఆ వాననూ ఆ వేడి బువ్వనూ తలచుకున్నప్పుడల్లా రెండు చేతులూ వాటంతటవే కలుస్తాయి నాకు. కొండగట్టు అంజన్నకు మొక్కుతున్నానా, షహర్ బానోకు మొక్కుతున్నానా అంటే చెప్పలేను. ఇద్దరూ పంచుకోవాల్సిందే.

సద్దుల బతుకమ్మకు రెండు రోజుల ముందర ఆడపిల్ల పుట్టింది. పేరేం పెడదామంటే, పీర్ల పండుగకు ఏటా ఎండు కొబ్బరి కుడుకలు మొక్కే మా అవ్వే తేల్చేసింది. "బానవ్వ అని పెట్టుండ్రి. ఆమె మట్టి తిని పెరిగిన పిల్ల గదా, ఆమె పేరు గాక ఎవరి పేరు వెడుతం?"

మూడు రాళ్లన్న మాట నిజమే అయింది. అవి ఇంకా పెద్దవి, ఒక్కో దానికి ఏడాదికి పైనే పట్టింది. చివరిది అరవై ఎనిమిదిలో పూర్తయింది. దాన్ని దించడానికి బాబు మియా లారీలో మేమంతా హైదరాబాదు పోయాం, నేను, సరోజన, అయిదేండ్లు నిండబోతున్న బానవ్వ. మళ్లీ మిర్గం రోజులే.

మా మొదటి రాయి గడ్డిలో నిలబడి ఉంది. దాని ముందర ఒక గడ్డపు పంతులు, చుట్టూ పదిమంది పిల్లలు. ఆయన గుంట వైపు చెయ్యి చూపించి, మనిషి లోపల ఉండే శూన్యాన్ని శిల్పి ఇక్కడ ఎంత సాహసంతో తొలిచిందో చూడండి అంటున్నాడు. నేను నోరు తెరిచాను. పక్కనే నిలబడ్డ షహర్ బానో నా వైపు చూసి వేలు పెదవుల మీద పెట్టుకుంది. అబద్ధాలు ఎన్నో చెప్పినవాణ్ని, ఆ ఒక్క నిజాన్ని మింగేశాను.

పంతులు పోగానే బానవ్వ ఉరికిపోయి గుంటలో కూర్చుంది. మోకాళ్లు ముడుచుకొని, వీపు ఆనించి. కొలిచి చేసినట్టు సరిపోయింది. కొలిచే చేశాను మరి.

అప్పుడే నాలుగు చినుకులు పడ్డాయి. గడ్డి నడుమ ఎర్రమట్టి తడిసి, వాసన గుప్పుమన్నది. నేను పిల్లను పిలుద్దామని తిరిగితే సరోజన పక్కన లేదు. రాతి మొదట్లో వంగి, చూపుడు వేలి గోరుతో నేలను గీరుతున్నది. నన్ను చూసి చప్పున లేచి చెయ్యి వెనక దాచుకుంది.

"ఏందే?"

"ఏం లే," అన్నది, అటువైపు తిరిగి. ఆ మాట తీరు, ఆ ముఖం చూపకపోవడం, పొయ్యి ముందర అయిదేండ్ల కింద చూసినవే. ఈసారి మాత్రం నా తెలివి కొంచెం పెరిగింది.

"బీబమ్మా," అన్నాను, "ఇంకేమన్న రాళ్లున్నయా? మా ఇంట్ల మళ్ల ఆకలైతున్నది."

షహర్ బానో నన్ను చూడలేదు. వెనక దాచిన సరోజన చేతినే చూసింది. కళ్లద్దాలు తీసి తుడుచుకుంది.

"ఉన్నయి," అన్నది. "ఈసారి నమూనాలు రెండు చేస్త మొండయ్యా. ఒకటి నీకు. ఇసుక లేనిది ఆమెకు."